కుక్క బొచ్చుతో దారం తీయవచ్చునా?

గత శివరాత్రి దాటిన వారంలో మా పాఠశాలలో ఆరవ తరగతి చదివే ఒక బాలిక గుడ్డ సంచి నిండా తెల్లని బొచ్చు తీసుకొని వచ్చింది. వారి ఇంటిలో పామేరియన్ అని పిలుచుకునే తెల్లని కుక్క ఒకటి ఉన్నది. చలికాలం ముగియగానే దాని ఒంటి మీది బొచ్చు గుత్తులు గుత్తులుగా రాలుతున్నదట. వాళ్ళమ్మ ఊడ్చి ఊడ్చి విసిగిపోతే, ఈ పిల్ల దువ్వెనతో దువ్వి సంచిలో దాచిపెట్టింది. "సార్, గొర్రె బొచ్చుతో కంబళి నేస్తారు కదా, దీనితో ఎందుకు నేయరు?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, సమాధానమూ రాలేదు. తెలుసుకొని చెబుతానన్నాను. తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాటలో చెప్పవలెనంటే, తీయవచ్చును. గొర్రె ఉన్ని, కుక్క బొచ్చు, మన తల వెంట్రుక, మూడూ కెరాటిన్ అను ఒకే పదార్థంతో ఏర్పడినవి. భేదమంతా వాటి నిర్మాణంలో ఉన్నది. సూక్ష్మదర్శినిలో చూసినపుడు వెంట్రుక పైభాగం నున్నగా ఉండదు. పెంకుటింటి కప్పు మీద పెంకుల వలె సన్నని పొలుసులు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. గొర్రె ఉన్నిలో ఈ పొలుసులు బాగా లేచి ఉంటాయి. దానికి తోడు ఆ పోగు తిన్నగా ఉండక మెలికలు మెలికలుగా ఉంటుంది. మెలికలున్న పోగులు ఒకదానినొకటి పట్టుకుంటాయి, లాగితే సాగి తిరిగి ముడుచుకుంటాయి. అందువలననే ఉన్ని వడకడం సులభం, ఉన్ని స్వెట్టరు సాగినా మరల తన రూపానికి వస్తుంది. కుక్క బొచ్చులో మెలిక చాలా తక్కువ, పొలుసులు నునుపు. కావున పోగులు జారిపోతాయి. దారం తీయాలంటే పురి ఎక్కువ పెట్టవలెను. తీసిన దారానికి సాగే గుణం ఉండదు. వెచ్చదనానికి మాత్రం లోటు లేదు, చూపునకు మెత్తని నూగుతో అందంగానే ఉంటుంది.

అన్ని కుక్కల బొచ్చూ పనికిరాదు. మన వీధులలో తిరిగే నాటు కుక్కలకు పొట్టి, బిరుసు వెంట్రుకలే ఉంటాయి, అవి కదురు మీద నిలువవు. చలిదేశాలలో పుట్టిన జాతులకు రెండు పొరలు ఉంటాయి. పైన పొడవైన గట్టి వెంట్రుకలు, వాన నీరు జారిపోవడానికి. లోపల దూది వంటి మెత్తని నూగు, ఒంటి వేడిని నిలుపుకోవడానికి. ఋతువు మారినపుడు రాలేది ముఖ్యంగా ఈ లోపలి నూగే, దారానికి కావలసినదీ అదే. మనవారు పామేరియన్ అని పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అను జాతి. దానికి ఈ రెండు పొరలూ ఉన్నవి. అల్సేషియన్, గోల్డెన్ రిట్రీవర్ కుక్కలకు కూడా ఉన్నవి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బొచ్చు కోసమని కుక్కను గొరిగించరాదు. ఆ రెండు పొరలు చలి నుండే కాక ఎండ నుండి కూడా దాని చర్మాన్ని కాపాడుతాయి. మన తాలూకా ఎండలు ఎటువంటివో చెప్పనవసరం లేదు. దువ్వినపుడు తనంతట తాను వచ్చిన బొచ్చు మాత్రమే తీసుకోవలెను. గజ్జి పట్టిన కుక్కది, గోమార్లు నిండిన కుక్కది వద్దు. ఇంటిలో ఉబ్బసం ఉన్నవారు, కుక్క దగ్గరకు వస్తే తుమ్ములు వచ్చేవారు ఉంటే ఈ ప్రయత్నమే వద్దు. ఎంత కడిగినా అది కొందరికి పడదు.

ఇక ఆ సంచి కథకు వస్తాను. వడకడం నాకు రాదు. మా వీధి చివర కురుబల ఇంటిలో ఒక అవ్వ ఉన్నది. వయసులో ఉన్నపుడు కంబళ్ళకు ఉన్ని వడికిన చేతులవి. సంచి విప్పి చూపగానే ముక్కు మూసుకొని, "కుక్క బొచ్చా? ఏం సారూ, మీకు వేరే పని లేదా?" అన్నది. ఇంటిలోకి తేనివ్వక అరుగు మీదనే పెట్టించింది. పాప ముఖం చూసి జాలి కలిగిందేమో, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. "మెత్తగుంది గానీ పట్టు లేదప్పా దీనికి, జారిపోతాది" అన్నది. సూక్ష్మదర్శినిలో కనబడే విషయం ఆమె వ్రేళ్ళకు అరక్షణంలో తెలిసింది.

తరువాత ఆమె చెప్పినట్లే చేశాము. గోరువెచ్చని నీటిలో కొద్దిగా తల స్నానపు షాంపూ కలిపి, బొచ్చును అందులో ముంచి ఉంచాము. పిండరాదు, కలియబెట్టరాదు, అట్లు చేసినచో ఉండ కట్టిపోతుంది. రెండు మూడు మార్లు నీరు మార్చి, గుడ్డ మీద పరచి నీడలో ఆరబెట్టాము. కుక్క వాసన పోవడానికి ఇదే ప్రధానం. ఆరిన పిమ్మట గట్టి వెంట్రుకలను, చెత్తను ఏరివేసి, సుమారు సగానికి సగం గొర్రెపిల్ల ఉన్ని కలిపాము. మొదటి కోతలో వచ్చే పిల్ల ఉన్ని మిగిలిన కోతల ఉన్ని కంటె మెత్తన. ఆ ఉన్ని మెలికలు కుక్క బొచ్చును పట్టి నిలుపుతాయి. రెండింటిని చేతితో విడదీసి, కలిపి, మరల విడదీసి ఏకుల వలె చుట్టిన తరువాత అవ్వ తన పాత కదురు తీసింది. ఒక పోగుగా తీసిన దారాన్ని రెండింతలు చేసి ఎదురు పురి పెట్టింది, లేనిచో అల్లిక ఒక ప్రక్కకు వంకర పోతుందట.

ఆ కదురును చూచినపుడు నాకొక ఆలోచన వచ్చింది. తెలుగులో కదురు, కన్నడలో కదిరు. తెలుగులో ఉన్ని, కన్నడలో ఉణ్ణె. తెలుగులో రాట్నం, కన్నడలో రాటె. కంబళి రెండింటా కంబళియే. మడకశిర నుండి పావగడ మీదుగా చళ్ళకెరె దాకా గొర్రెల మందలు నడిచిన దారిలో ఈ మాటలూ నడిచినవి. నేతలో మాత్రం ఎందుకో విడిపోయినవి. మన పడుగు పేకలను కన్నడిగులు హాసు హొక్కు అంటారు.

ఆ బాలిక ప్రశ్నలోని రెండవ భాగం మిగిలి ఉన్నది. ఎందుకు నేయరు? నిజానికి నేసినవారు ఉన్నారు. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో, నేటి కెనడా, అమెరికా దేశాల సరిహద్దుకు ఇరువైపులా కోస్ట్ సేలిష్ అను మూలవాసులు ఉన్నారు. మనవలెనే సరిహద్దు గీత మధ్యలో పడినవారు. వారు ఉన్ని కోసమే ఒక ప్రత్యేక జాతి కుక్కలను పెంచేవారు. మామూలు కుక్కలతో కలిసి జాతి చెడకుండా వాటిని చిన్న దీవులలో, దొడ్లలో వేరుగా ఉంచేవారు. గొర్రెలను కత్తిరించినట్లు కత్తిరించి, కొండమేక ఉన్నితో కలిపి వడికి కంబళ్ళు నేసేవారు. ఆ కంబళ్ళు వారికి సంపద, గౌరవ చిహ్నం. కురుబల ఇళ్ళలో పెండ్లికి, దేవర కార్యానికి నల్ల కంబళి పరచకుండా పని మొదలు కాదు కదా, అటువంటి స్థానం. 1792లో ఆ తీరానికి వచ్చిన జార్జ్ వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు, ఈ కుక్కలు పామేరియన్ల వలె ఉన్నవని, వాటికంటె కొంచెం పెద్దవని, చర్మం దాకా కత్తిరించి ఉన్నవని వ్రాసుకున్నాడు. మా పాప ఈ మాట విని తన కుక్కకు దూరపు చుట్టాలు దొరికినట్లు సంతోషించింది.

ఆ జాతి ఇప్పుడు లేదు. 1859లో చనిపోయిన ఒక కుక్క చర్మం వాషింగ్టన్ లోని స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్నది. దాని పేరు మటన్ అట, గొర్రెల నేలలో ఈ పేరు చెబితే నవ్వుతారు. శాస్త్రజ్ఞులు దాని జన్యువులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఈ జాతి దాదాపు 5 వేల ఏళ్ళ క్రిందటనే ఇతర కుక్కల నుండి వేరుపడినదని తేలింది. అంతటి పాత జాతి ఎట్లు పోయింది? అంగడిలో మిల్లు కంబళ్ళు చవకగా దొరకడం వలన అని చాలాకాలం చెప్పుకున్నారు. సేలిష్ పెద్దలు మాత్రం అది సగం మాటే అంటారు. వలస పాలనలో మశూచి వచ్చి మనుషులు పోవడం, వారి ఆచారాలను, నేతను అణచివేయడం అసలు కారణమని వారి వాదన. వడికే చేయి ఆగిన తరువాత ఆ కుక్కను వేరుగా పెంచే పని ఎవరికీ లేకపోయింది.

ఇది చదువుతున్నపుడు నాకు గుర్తుకు వచ్చినవి కుక్కలు కావు, మన నల్ల గొర్రెలు. దక్కనీ గొర్రె ఈ మెట్ట భూముల జంతువు. ఏడాదికి రెండు మార్లు కత్తిరించినా ఒక గొర్రె ఇచ్చే ఉన్ని కిలోకు మించదు. ముతక ఉన్ని, స్వెట్టర్లకు ఒదగదు. కాని చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద నేసిన కంబళి వానకూ చలికీ ఆగుతుంది. మా చిన్నతనంలో కాపరి భుజాన అది లేకుండా చూడలేదు. పాత ఉన్ని దుస్తులను చించి మరల దారం తీసి నేసే పానిపట్టు కంబళ్ళు చవకగా వచ్చిన తరువాత దీనిని అడిగేవారు తగ్గారు. ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలనపుడు కాపరి ఏమి చేస్తాడు? ఉన్ని లేని, మాంసం ఎక్కువ వచ్చే నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలోకి తెచ్చాడు. అతనిని తప్పు పట్టలేము. తిరుమణి ప్రాంతంలో 13 వేల ఎకరాలలో సౌర విద్యుత్ పార్కు వచ్చాక, 2018 నుండి మేత భూమి కూడా కుదించుకుపోయింది. చళ్ళకెరె కంబళికి నేటికీ పేరున్నది, నేసేవారు ఉన్నారు. మా ఊరిలో కదురు పట్టే చేతులు, నేను లెక్కపెట్టినంతవరకు, ఆ అవ్వవి మాత్రమే.

ఆ సంచి బొచ్చుకు, కలిపిన ఉన్నికి కలిపి ఒక చిన్న పిల్లవాని టోపీకి సరిపోయే దారం వచ్చింది. స్వెట్టరు వంటిది కావాలంటే రెండు మూడేళ్ళు దాచుకోవలసినదే. దాచేవారు ప్లాస్టిక్ సంచిలో మూట కట్టరాదు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. గుడ్డ సంచిలో ఎండిన వేపాకు వేసి పెట్టవలెను. టోపీని పాప వాళ్ళ పెద్దమ్మ సూదులతో అల్లింది. సాగదు కనుక కొలత కంటె కొంచెం వదులుగా అల్లమని చెప్పాము. తడిసినపుడు కొద్దిగా వాసన వస్తున్నదని ఫిర్యాదు వచ్చింది. అది కుక్కదా, గొర్రెదా అని ఇంటిలో తగవు.

గొర్రెపిల్ల ఉన్ని ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడుగవచ్చును. మందలను కత్తిరించే రోజులలో దొడ్డి వద్దకు వెళ్ళి అడగండి. మాకు ఇచ్చిన కాపరి డబ్బు తీసుకోలేదు. ఎట్లాగూ పారవేసేదే కదా సారూ అన్నాడు. మేమే బలవంతంగా చేతిలో పెట్టి వచ్చాము. తిరిగి వచ్చినపుడు అవ్వ అరుగు మీద కదురు పట్టుకొని కూర్చుని ఉన్నది, ప్రక్కన ఆ బాలికతో పాటు మరి ఇద్దరు పిల్లలు.