మనోవ్యాధికి మందు

‘మనోవ్యాధికి మందు లేదు’ అని తెలుగువారి లోకోక్తి. శోకాన్నీ, దిగులునూ, విరహతాపాన్నీ వైద్యుడు మాన్పలేడని చెప్పడమే ఆ మాటకు మొదటి తాత్పర్యం. కాలక్రమంలో అది మానసిక రోగాలన్నింటి మీదా వెలువడిన తీర్పుగా మారింది. దానికి తోడు మరొక సామెత ఉన్నది: ‘పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు’. ఇది పరిహాసానికి పుట్టినదే. అయినా అందులోని రెండవ సగాన్ని వేదవాక్కుగా నమ్మి, రోగాన్ని దాచి, వివాహం జరిపించి, రెండు కుటుంబాలను దుఃఖంలో ముంచినవారు మన పల్లెలలో నేటికీ లేకపోలేదు. పెళ్ళి మందు కాదు. మందు వేరే ఉన్నది. అది ఎట్లా వచ్చిందో, ఎట్లా పనిచేస్తుందో, మధ్యలో ఎందుకు ఆగిపోతున్నదో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సీమను దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాం.

ఉన్మాదం మన పూర్వులకు తెలియని వ్యాధి కాదు. చరకసంహిత నిదానస్థానంలోనూ, చికిత్సాస్థానంలోనూ దానికి ప్రత్యేకాధ్యాయాలు ఉన్నాయి. ఉన్మాదం అయిదు విధాలని ఆ గ్రంథం చెబుతుంది. వాత, పిత్త, కఫాల వల్లనూ, ఆ మూడింటి కలయిక వల్లనూ కలిగేవి నాలుగు. గ్రహాదుల వల్ల కలిగే ఆగంతుకోన్మాదం అయిదవది. ‘గాలి సోకింది’ అనే పల్లెమాట ఈ అయిదవదానికి దగ్గరగా ఉంటుంది. భూతవైద్యుని ఆశ్రయించేవారు శాస్త్రం తమ పక్షాన ఉన్నదంటారు గాని, అయిదింట నాలుగింటిని ఆ శాస్త్రమే శరీరధర్మానికి ముడిపెట్టిందన్న సంగతిని మరచిపోతారు.

మన నేలలో మొలిచే సర్పగంధ వేరు ఉన్మాదాన్ని శమింపజేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు 1931లో ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. ఉన్మత్తావస్థలో మితిమీరిన ఉద్రేకాన్ని లిథియం లవణాలు చల్లబరుస్తాయని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో వెల్లడించాడు. 1952లో పారిస్ నగరంలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అనే మందును మానసిక రోగులకిచ్చి దాని గుణాన్ని లోకానికి చాటారు. అంతవరకు ప్రహరీగోడల మధ్యనే జీవితం గడిపిన ఎందరో ఆ తరువాతి దశాబ్దాలలో ఇంటిముఖం చూశారు.

మెదడులోని కణాలు కొన్ని రసాయనాల ద్వారా ఒకదానితో మరొకటి సంభాషిస్తాయి. డోపమిన్ వాటిలో ఒకటి. స్కిజోఫ్రీనియా అనే వ్యాధిలో దాని ధాటి కొన్ని భాగాలలో మితిమీరుతుందనీ, లేని స్వరాలు వినిపించడానికీ, అకారణమైన అనుమానాలు బలపడడానికీ అది ఒక హేతువనీ వైద్యులు భావిస్తారు. మందు ఆ ధాటికి అడ్డుకట్ట వేస్తుంది. నిద్ర ముందుగా కుదుటపడుతుంది. స్వరాలు వారాల మీద గాని పలచబడవు. మాటలో పొందిక రావడానికి, పనిమీద మనసు నిలవడానికి మరికొన్ని నెలలు పట్టవచ్చు. ఈలోగా చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, మగత, బరువు పెరగడం వంటి బాధలు కలగవచ్చు. ఆ సంగతి వైద్యునికి చెబితే మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. చెప్పకుండా మాత్రలు మానివేసేవారే ఎక్కువ.

అసలు చిక్కు రోగి బాగుపడిన తరువాతనే మొదలవుతుంది. ‘ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇంకా మాత్రలెందుకు?’ అని ఇంటివారే అంటారు. మొదటిసారి వ్యాధి వచ్చి తగ్గినవారు సైతం ఒకటి రెండేళ్ళపాటు మందు కొనసాగించాలనీ, పలుమార్లు తిరగబెట్టినవారు అంతకంటె ఎక్కువకాలం వాడాలనీ వైద్యులు సాధారణంగా సూచిస్తారు. మానిన మరునాడే రోగం తిరగబెట్టదు. నెలల తరబడి నెమ్మదిగా పొంచి ఉండి తిరిగివస్తుంది. అందువల్ల మానడానికీ, తిరగబెట్టడానికీ ఉన్న సంబంధం ఎవరికీ కనబడదు. ‘నయమగుట’, ‘కోలుకొనుట’ అనే మాటలను మనం పర్యాయపదాలుగా వాడుతున్నాం గాని, ఇక్కడ వాటి భేదాన్ని గమనించాలి. మందు వాడుతూనే ఉదయం లేచి, పనికి పోయి, నలుగురితో మాట్లాడి, రాత్రి నిద్రపోగలిగిన మనిషి కోలుకొన్నవాడే.

ఉద్దానంలో ఈ విషయానికి మరొక ముఖం ఉన్నది. ‘ఉద్యానం’ అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఇచ్ఛాపురం మొదలు వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా కనిపించే ఆ సీమను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. దానికి కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మనోవైద్యానికి దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఉద్రేకం, విషాదం ఒకదాని వెంట ఒకటి వచ్చే బైపోలార్ వ్యాధికి లిథియం నేటికీ శ్రేష్ఠమైన మందులలో ఒకటి. ఆ లవణం శరీరంలో జీర్ణం కాదు. మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మేలుచేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం స్వల్పం. మండుటెండలో కూలిపనికి పోయి చెమటోడ్చి తగినంత నీరు త్రాగకపోయినా, ఒంటినొప్పులకు దుకాణంలో దొరికే కొన్ని రకాల మాత్రలు మింగినా రక్తంలో లిథియం పెరిగిపోగలదు. చేతులు బలంగా వణకడం, వాంతులు, విరేచనాలు, అడుగులు తడబడడం దాని చిహ్నాలు. దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి మూత్రపిండాలే దెబ్బతినవచ్చు.

కనుక ఈ సీమలోని రోగికి లిథియం మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించడం, తరువాత కొన్ని నెలలకొకసారి రక్తంలో లిథియం ఎంత ఉన్నదో చూడడం తప్పనిసరి. మూత్రపిండాలు అప్పటికే బలహీనపడినవారికి వాల్‌ప్రొయేట్ వంటి వేరే మందును వైద్యులు ఆలోచిస్తారు. అది ప్రధానంగా కాలేయంలో మార్పు చెందుతుంది. అయితే గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది కనుక పిల్లలు కనే వయసులోని స్త్రీలకు అది తగదు. కిడ్నీ రోగులు తాము వాడే మనోవ్యాధి మందుల చీటీని కిడ్నీ వైద్యునికి చూపడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

దూరం మరొక అడ్డంకి. పలాస నుంచి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు సుమారు 200 కిలోమీటర్లు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రి, ఒడిశాలోని బరంపురం వైద్య కళాశాల అంతకంటె దగ్గర. చీటీ ప్రతిసారీ మారదు కనుక నెల నెలా చినవాల్తేరు దాకా పోనక్కరలేదన్న సంగతి చాలామందికి తెలియదు. మాత్రలు మరచిపోయేవారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఇచ్చే సూదిమందులు కూడా ఉన్నాయి. జిల్లాస్థాయిలోనే మానసిక వైద్యం అందించే కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 1996లో ప్రారంభించింది. అయినా 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వేలో, వ్యాధిని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది.

ఇంటివారి పాత్రను గురించి ఒక ఉదంతం చెప్పుకోదగినది. 1950వ దశకంలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే వైద్యుడు ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబసభ్యులకూ వసతి కల్పించాడు. రోగి మాటకు ఎట్లా బదులు చెప్పాలో వారు అక్కడే నేర్చుకొన్నారు. అస్తమానం నిందించే ఇంట్లో రోగం త్వరగా తిరగబెడుతుందని తరువాత ఇంగ్లండులో జరిగిన పరిశోధనలు కూడా చెప్పాయి. పలాస జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు ఒలిచే పనికి తిరిగి పోయిన స్త్రీని ‘మాత్ర వేసుకున్నావా’ అని నలుగురిలో అడగడం కంటె, ఆమె కూలి డబ్బును ఆమె చేతిలోనే ఉంచడం మేలు.

ఇంటివారి ఆదరణ కొరవడిన చోట సంకెళ్ళు వచ్చాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, ఒక దర్గా పరిసరాల్లోని ఆశ్రయగృహానికి నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది కదలలేక మరణించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఎటువంటిది వద్దో ముందుగానే వ్రాసి ఉంచుకొనే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకొనే హక్కును ఆ చట్టం ఇచ్చింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస తీరాన్ని తాకి, తోటలను కూకటివేళ్ళతో పెకలించింది. రోడ్లు, విద్యుత్తు దెబ్బతిన్న అటువంటి రోజులలో మాత్ర ఆగిపోవడం సులభం. ఇంట్లో రెండు వారాల మందు అదనంగా ఉంచుకొనడం ఈ తీరవాసులకు తుఫాను జాగ్రత్తలలో ఒకటి కావాలి. చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయే మత్స్యకారులకూ ఇదే చిక్కు. అక్కడి వైద్యునికి వీరి భాష రాదు. మందుచీటీ నకలు, చివరి రక్తపరీక్ష కాగితం సంచిలో పెట్టుకొనిపోతే ఆ వైద్యుడు మందు కొనసాగించగలడు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సేవ 14416 అనే నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనూ లభిస్తుంది. ఊరు దాటే ముందు ఆ నంబరును ఫోనులో వ్రాసుకొనడానికి ఒక నిమిషం చాలు.