ముందు జన్యు పరీక్ష... తర్వాతే మందు!

రోజుకో మాత్ర. సూది లేదు, సెలైన్ లేదు, జుట్టు ఊడిపోయే కీమో లేదు. 2003 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గెఫిటినిబ్ మాత్రను అనుమతించినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆశ చిగురించింది. ప్రయోగాల్లో వాడిన ప్రతి పదిమందిలో సుమారు ఒక్కరికే కణితి తగ్గింది. ఆ తగ్గినవాళ్లలో కొందరు మాత్రం మంచం మీంచి లేచి వారాల్లోనే తమ పనులు తాము చేసుకున్నారు. వాళ్లకే ఎందుకు పనిచేసిందో అప్పటికి ఎవరికీ తెలియదు. రెండేళ్లు తిరిగేసరికి, ఈ మాత్ర మొత్తమ్మీద రోగుల ఆయుష్షు పెంచడం లేదని పెద్ద ప్రయోగం తేల్చింది. కొత్తవాళ్లకు ఇవ్వొద్దని అదే సంస్థ కట్టడి చేసింది. మళ్లీ 2015లో అదే సంస్థ, అదే మాత్రకు, అదే జబ్బుకు తలుపు తెరిచింది. ఈలోగా మాత్రలో మార్పేమీ లేదు. అది ఎవరికి పనికొస్తుందో తేలింది, అంతే.

ఎవరూ పిలవకపోయినా...

ఒంట్లో కణం తన ఇష్టానికి పెరగదు, బయటినుంచి కబురు రావాలి. ఈజీఎఫ్ అనే చిన్న ప్రోటీన్ అలాంటి కబురే. దాన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ అందుకున్నారు. కణం పొరలో నాటుకుని ఉండే ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ ఆ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. వెంటనే రెండు రిసెప్టర్లు జతకడతాయి. వాటి లోపలి కొస ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను లాక్కుంటుంది. అక్కడినుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ ప్రోటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ సంగతిని కేంద్రకానికి చేరవేస్తాయి. కణం రెండుగా చీలుతుంది. పని అయ్యాక రిసెప్టర్ ఊరుకుంటుంది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో కొన్నిచోట్ల ఒక చిన్న ముక్క ఊడినా, ఒక్క అక్షరం తారుమారైనా ఆ ఊరుకోవడం ఉండదు. బటన్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్‌లాగా, గుమ్మంలో మనిషి లేకపోయినా మోగుతూనే ఉంటుంది. గెఫిటినిబ్ చేసే పని చిన్నది. ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలో తాను కూర్చుంటుంది. ఫాస్ఫేట్ అందక కబురు తెగిపోతుంది, దానిమీదే ఆధారపడి బతుకుతున్న క్యాన్సర్ కణాలు చస్తాయి.

ఈ గుట్టు 2004లో బోస్టన్, న్యూయార్క్ పరిశోధకుల వల్ల బయటపడింది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం, మందు బాగా పనిచేసిన 9 మంది కణితులను చూస్తే 8 మందిలో ఈజీఎఫ్ఆర్ జన్యువులో అలాంటి మార్పు, అంటే మ్యుటేషన్ ఉంది. పనిచేయని ఏడుగురిలో ఒక్కరికీ లేదు. తర్వాత హాంకాంగ్ వైద్యుడు టోనీ మాక్ నాయకత్వంలో తూర్పు ఆసియా దేశాల్లో 1,217 మందితో చేసిన ఐపాస్ ప్రయోగం 2009లో ఈ మాటకు ముద్ర వేసింది. మ్యుటేషన్ ఉన్నవాళ్లలో 71 శాతం మందికి ఈ మాత్రతో కణితి తగ్గింది, లేనివాళ్లలో 1 శాతం మందికే. అంతకన్నా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. మ్యుటేషన్ లేనివాళ్లకు కీమో బదులు ఈ మాత్ర ఇస్తే జబ్బు మరింత తొందరగా ముదిరింది. 'వేసి చూద్దాం' అని పరీక్ష లేకుండా రాసే చీటీ వాళ్ల విలువైన నెలలను మింగేస్తుంది.

మన దేశంలో అడినోకార్సినోమా రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఈ మ్యుటేషన్ ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది 10-15 శాతమే. పొగతాగని వాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ.

ఈజీఎఫ్ఆర్ ఒక్కటే కాదు. 2007లో జపాన్‌కు చెందిన హిరోయుకి మానో బృందం ఆల్క్ జన్యువు మరో జన్యువుతో అతుక్కుపోవడాన్ని పట్టుకుంటే, నాలుగేళ్లకే దానికి మాత్ర వచ్చింది. 1980ల నుంచీ తెలిసిన కేరాస్ అనే ప్రోటీన్ మాత్రం మందుకు లొంగని మొండిఘటంగా ఉండిపోయింది. 2013లో కెవాన్ షోకాట్ బృందం దానిలో దాగిన చిన్న గుంటను కనిపెట్టాక, 2021లో దానిపై పనిచేసే సోటోరాసిబ్ అనే మందు అనుమతి పొందింది.

నాలుగు రూకల లెక్క

క్యాన్సర్ కూడా తెలివి మీరుతుంది. గెఫిటినిబ్ వాడిన చాలామందిలో ఏడాది అటూఇటూగా జబ్బు తిరగబెడుతుంది. వాళ్లలో సగం మందికి పైగా కణాలు ఈజీఎఫ్ఆర్‌లో ఏటీపీ కూర్చునే గుంటలోనే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చుకుని మందును గెంటేస్తాయి. ఆ మార్పు జరిగినా పట్టు వదలకుండా పనిచేసే ఒసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. మొదటినుంచే దాన్ని వాడినవాళ్లు సగటున 38.6 నెలలు, పాత మాత్రలు వాడినవాళ్లు 31.8 నెలలు బతికారు. ధరే భారం. 2024 బడ్జెట్లో దీనిపై కస్టమ్స్ సుంకం ఎత్తేశారు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు చేసిన పని. మ్యుటేషన్ ఉన్న 350 మందిలో సగం మందికి గెఫిటినిబ్ ఒక్కటే ఇచ్చారు, మిగతా సగానికి దానితోపాటు కీమో కలిపారు. మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు 8 నెలలు అదుపులో ఉంటే, రెండూ కలిపినవాళ్లలో 16 నెలలు ఉంది. కీమో ఇబ్బందులు ఎక్కువైన మాట నిజం. కానీ వాడినవన్నీ మన దేశంలో జెనరిక్‌గా దొరికే మందులే. ఆ గెఫిటినిబ్‌ను జెనరిక్‌గా తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్ నాట్కో ఒకటి.

మందు అందుబాటులో ఉన్నా పరీక్ష దగ్గరే దారి తప్పుతోంది. ఆరని దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మన దగ్గర మొదట తట్టేది టీబీ. ఆ మందులతోనే నెలలు గడిపేసి, ముదిరాక క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఎందరో. తీరా వచ్చాక బయాప్సీ ముక్క చిన్నది కావడంతో అది క్యాన్సర్ అని తేల్చడానికే సరిపోతుంది, జన్యు పరీక్షకు మిగలదు. అప్పుడు రక్తంలో తేలే కణితి డీఎన్ఏను పరీక్షించే దారి ఉంది. అందులో మ్యుటేషన్ కనిపించకపోతే లేదని అనుకోకూడదు, మళ్లీ ముక్క తీయించాలి. బయాప్సీ రోజే "ఈజీఎఫ్ఆర్, ఆల్క్ పరీక్షలకు సరిపడా ముక్క తీస్తున్నారా డాక్టర్‌గారూ?" అని ఇంటివాళ్లు అడగాలి. ఆపరేషన్‌తో కణితి పూర్తిగా తీసేయించుకున్నవాళ్లూ అడగాలి. ఎందుకంటే మ్యుటేషన్ ఉండి, ఆపరేషన్ తర్వాత ఒసిమెర్టినిబ్ వాడినవాళ్లలో ఐదేళ్లకు 88 శాతం మంది బతికే ఉన్నారు, వాడనివాళ్లలో 78 శాతం.