కొయ్యమీది ఏరియల్ విరిగితే...

కాకినాడ రేవునుంచి వేటకు వెళ్లే మరపడవ కొయ్యపై సన్నగా నిలబడే పుల్లను గట్టుమీదివారు లెక్కచేయరు. సరంగు చూపు మాత్రం దానిమీదే. అది వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్టు ఏరియల్. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ తీరాన్ని తాకినప్పుడు వేటలో ఉన్న వందలమంది మత్స్యకారులు మళ్లీ ఇల్లు చేరలేదు. నడిసముద్రంలో కబురు విలువ ఈ తీరానికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరే నడుస్తాయి. 30 అడుగుల ఎత్తునుంచి చూపు సుమారు 11 కిలోమీటర్లు ఆనుతుంది. విరిగిన ఏరియల్‌ను 10 అడుగుల క్యాబిన్‌పై కట్టి సరిపెట్టుకుంటే అది ఆరు కిలోమీటర్లకు పడిపోతుంది.

విరిగిన పుల్ల కంటికి కనబడుతుంది, కేబులుకు పట్టిన ఉప్పు కనబడదు. అతుకులో నీరు దిగి లోపలి రాగి అల్లిక నల్లబడుతుంది. సెట్టులో దీపం వెలుగుతుంది గాని మాట దూరం పోదు. శుభ్రమైన రాగి తగిలేవరకు కేబులు కోసి, కొత్త కనెక్టరుకు టంకం పెట్టి, పైన రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి. చవకని టీవీ కేబులు వేయరాదు. దానిది 75 ఓములు, సెట్టుకు కావలసింది 50.

ఏరియల్ తగిలించకుండా మీట నొక్కి మాట్లాడితే సెట్టే పాడైపోవచ్చు. బిగించాక రేవు వదలకముందే పక్క పడవతో మాట్లాడి చూసుకోవాలి. 16వ చానలు ఆపద పిలుపులకు. పరీక్షకు వేరే చానలు వాడాలి.