టైరు పుట్టిన తేదీ చదవటం యెట్లా?

సంతలో యెద్దును కొనేటప్పుడు మనం ముందుగా చేసే పని దాని నోరు తెరిచి చూడటం. రెండు పళ్ళు వేసిందా, నాలుగా, ఆరా, నోరు నిండిందా అని చూచి వయస్సు కట్టేస్తాము. అమ్మేవాడు దాన్ని శుభ్రంగా కడిగి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టినా సరే, పళ్ళు చూడకుండా బేరం మొదలుపెట్టము. అదే మనం పాత కారు కొనటానికి వెళ్ళినప్పుడు మాత్రం టైరు గాడుల్లో వేలు పెట్టి చూచి, "లోతుగానే వున్నయి, టైర్లు కొత్తవే" అని లేచి వస్తాము. గాడులు చెప్పేది టైరు యెంత తిరిగిందో. యెప్పుడు పుట్టిందో అవి చెప్పవు.

పుట్టిన తేదీతో పనేమిటి అంటారా? టైరు రబ్బరుతో చేసింది. గాలిలోని ప్రాణవాయువు ఆ రబ్బరును నెమ్మదిగా గట్టిపరచి పెళుసు చేస్తుంది. యెండా, ఓజోన్ వాయువూ పైపొరను పగులగొడతవి. లోపల బిగించి నింపిన గాలి కూడా పొరల గుండా కొద్దికొద్దిగా బయటికి వస్తూ, మన కంటికి కనపడని చోట అదే పని చేస్తుంది. వేడి పెరిగినకొద్దీ యిదంతా త్వరపడుతుంది. రెంటచింతల, రామగుండం యెండల సంగతి మీకు చెప్పనక్కరలేదు గదా! నేటి కారు టైర్లలో గాడుల కింద ఉక్కు తీగల పట్టీలు వుంటవి. ముసలిదైన రబ్బరు ఆ పట్టీల మీద పట్టు వదిలితే, బండి వేగంగా పోతున్నప్పుడు పైతొక్క ఒక్కసారిగా ఊడి వస్తుంది. వైశాఖమాసంలో ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, మిట్టమధ్యాహ్నం జాతీయ రహదారి మీద పోయే కారుకు ఆ గతి పడితే బండి చేతిలో నిలవదు.

ఇంకొక సంగతి. రబ్బరు పగలకుండా తయారీదారులు దానిలో ఒక రకం మైనమూ, కొన్ని మందులూ కలుపుతారు. టైరు తిరిగి నలుగుతూ వుంటే అవి పైకి ఊరుతూ వుంటవి. నిలబెట్టిన బండికి ఆ రక్ష తక్కువ. "డాక్టరుగారి బండి, షెడ్డులోనే వుండేది, ఎక్కువ తిప్పలేదు" అని అమ్మేవారు గొప్పగా చెప్తారు. ఆ మాట విని ఇంజనుకు సంతోషించండి గాని, టైర్లకు మాత్రం సంతోషించకండి.

ఇక చదవటం. టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలను వెతకండి. వాటి వెంట కొన్ని అక్షరాలూ అంకెలూ వరుసగా వుంటవి. ఆ వరుసలో చివరి నాలుగు అంకెలే మనకు కావలసినవి. ఆ అక్షరాలు లేని టైర్ల మీద కూడా, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు సామాన్యంగా వుంటవి. మొదటి రెండు అంకెలు వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3119 అని వున్నదనుకోండి. 2019లో 31వ వారం, అంటే జూలై ఆఖరు రోజుల్లో తయారైనదన్న మాట. 2118ని చూచి 2021 అని మురిసేవారున్నారు. అది 2018లో 21వ వారం, మే నెల. అంకెలు మూడే వుంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది. దాని గురించి ఇక బేరమే వద్దు.

6.00-16 అనీ, 13.6-28 అనీ వుండేవి టైరు కొలతలు. వాటితో పొరపడవద్దు. పూర్తి వరుస చాలా టైర్లకు ఒక వైపునే వుంటుంది. బయట కనపడకపోతే లోపలి వైపు వున్నదని అర్థం. ముందు టైర్లకయితే స్టీరింగు పూర్తిగా తిప్పి చూడవచ్చు. వెనుకవాటికి టార్చిలైటు పట్టి వంగాలి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టకుండా, ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. అంకెలు మాసిపోయి వుంటే వాటి మీద సుద్దముక్క రుద్దండి, తెల్లగా లేచి కనిపిస్తవి. ఆ చోట ఆకురాయితో గీకినట్టు వుంటే మాత్రం అమ్మేవాడికి దాచవలసిన సంగతి ఏదో వున్నదనే అనుకోండి.

వయస్సు తెలిసింది. యెంతవరకు వుంచవచ్చు? కొన్ని కార్ల కంపెనీలు 6 సంవత్సరాలు నిండితే, గాడులు యెట్లా వున్నా మార్చమంటవి. టైర్ల కంపెనీలు కొన్ని 5 యేళ్ళు దాటిన దగ్గరనుంచి యేటా తెలిసినవాడికి చూపించమనీ, 10 యేళ్ళు దాటితే యెంత బాగా కనిపించినా తీసివేయమనీ చెప్తవి. మన యెండలకు 6 లెక్కే మంచిదని నా అభిప్రాయం. పక్కగోడ మీదా, గాడుల అడుగునా సన్నని బీటలు కనిపిస్తే ఆ లెక్క కోసం కూడా ఆగవద్దు.

అంకెలు ఇంకొక గుట్టు కూడా బయటపెడతవి. మీటరు 18,000 కిలోమీటర్లే చూపిస్తున్నది, టైర్లు మాత్రం కారు కన్నా మూడేళ్ళు చిన్నవి. అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు మార్చవలసిన అవసరం ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్న నవ్వుతూనే అడగండి. అరిగిన టైరుకు వేడి కత్తితో గాడులు కోసి, నల్లరంగు పూసి అమ్మేవారు కూడా లేకపోలేదు. గాడుల అడుగున అడ్డంగా చిన్న చిన్న గట్లు వుంటవి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే ఆ గట్లు పైకి సమమవుతవి. అసలు గట్లే లేని టైరును అనుమానించండి. రీట్రేడు చేసిన టైరుకు పై తొడుగు మాత్రమే కొత్తది, లోపలి చట్రం వయస్సు పాత అంకెలదే.

స్టెప్నీని మరువవద్దు. ఆ మాట వేల్సు దేశంలోని ఒక వీధి పేరు. 1904లో అక్కడ అదనపు చక్రాలు చేసి అమ్మిన పనివారి వల్ల మన మెకానిక్కుల నోట స్థిరపడింది. ఒక్కసారి కూడా నేలకు ఆనలేదు గనుక స్టెప్నీ యెప్పటికీ కొత్తదే అనుకుంటాము. అది కూడా డిక్కీ వేడిలో యేళ్ళ తరబడి ముసలిదవుతూనే వుంటుంది. వేడి ప్రాంతాలలో టైర్లు త్వరగా ముదురుతవనీ, వాడని స్టెప్నీ కూడా అందుకు మినహాయింపు కాదనీ అమెరికా రోడ్డు భద్రతా శాఖవారు 2008లో ప్రజలను హెచ్చరించారు. కాబట్టి చూడవలసిన టైర్లు నాలుగు కాదు, అయిదు.

ట్రాక్టరు ట్రాలీ సంగతి కూడా ఇదే. యేడాదిలో చాలా నెలలు కళ్ళం పక్కన యెండలో పడి వుంటుంది. గాడులు అరగవు, రబ్బరు మాత్రం ముదిరిపోతుంది. పత్తి బోరాలు కొండలా వేసి కాలువ గట్టు మీద పోయేటప్పుడు టైరు పగిలితే ట్రాలీ యేవైపు ఒరుగుతుందో చెప్పలేము. కూలీలను ట్రాలీలో ఎక్కించకూడదని తెలిసి కూడా ఎక్కిస్తున్నాము, ఆ మాట కూడా తలచుకోండి. తీసేసిన కారు టైరును యెద్దుబండికి వేసుకుంటామంటే, బీటలు పడనిదయితే, యెద్దు నడక వేగానికి అది చాలు.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలు ఒక సుద్దముక్క జేబులో వేసుకుని, రైతుల సమావేశం జరిగే చోటనే నిలిపివున్న ట్రాలీ మీద యీ అంకెలు చదివి చూపించవచ్చు. అయిదు నిమిషాల పని.

కొత్త టైరు కొని ముందుగానే ఇంట్లో పెట్టుకునేవారు దానిని చీకటిగా, చల్లగా వుండే గదిలో నిలబెట్టి వుంచాలి. కిరసనాయిలు, డీజిలు, పురుగుమందుల డబ్బాల దగ్గర వద్దు. మన రైతులు సామాన్యంగా దానిని మోటారు షెడ్డులో పెడతారు. కరెంటు మోటారు తిరిగేటప్పుడు, వెల్డింగు చేసేటప్పుడు వచ్చే నిప్పురవ్వల దగ్గర ఓజోన్ పుడుతుంది. అందుకని ఆ షెడ్డులో పెట్టవద్దు.