చెరువు పక్కన మండువా ఇల్లు: నాన్నకి ఒక శ్లాబు గది

పొలంలో ఇల్లు ఎలా కడుతున్నావని చాలామంది అడుగుతున్నారు. స్థలం, ముగ్గు పోసిన ప్లాను పై వీడియోలో చూపించాను. ఎందుకలా అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మాది నరసన్నపేట దగ్గర. పొలం పక్కనే చెరువు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా రేకుల షెడ్డు ఎగిరిపోయింది. ఆవులు దక్కాయి గానీ దాచిన దేశీ విత్తనం మొత్తం తడిసిపోయింది. అందుకే నాన్నది ఒకటే మాట: "ఏట్రా, శ్లాబు వెయ్యక పెంకులేటి?"

ఆయన భయం నిజమే. కానీ శ్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రంతా ఆ వేడి మన మీదే వదులుతుంది.

మన తీరంలో పాత చుట్టిళ్లు చూడండి. గోడ గుండ్రం, గాలి ఎటు నుంచి కొట్టినా పక్కకి జారిపోతుంది. తాటాకు కప్పు నేల దగ్గరికి దిగి ఉంటుంది. గోదావరి వైపు మండువా లోగిళ్లలో వేడిగాలి మధ్యలోంచి పైకి పోతుంది. ఈ రెండింటి తెలివీ తీసుకున్నాను.

గాలి: నీటి పక్కన ఇల్లు దానంతట అదే చల్లబడదు. మన దగ్గర గాలిలో తేమ ముందే ఎక్కువ. హాయినిచ్చేది నీడ, గాలి ఆడటం. అందుకే దక్షిణాన చెరువు వైపు పెద్ద కిటికీలు, వాటికి ఎదురుగా మండువా.

పునాది: గట్టు జోలికి వెళ్లలేదు. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కిన గుర్తు చూసుకుని, దానికి 3 అడుగులు పైకి లేపుతున్నాం.

కప్పు: నాలుగు వైపులా వాలు. దూలాలని గోడలోకి ఇనుప బోల్టులతో బిగిస్తాం. వసారా కప్పు విడిగా ఉంటుంది. అది లేచిపోయినా అసలు కప్పు నిలవాలి.

రెండో వాకిలి: పశువుల సాల దగ్గర. గోమూత్రం కాలువ నేరుగా తొట్టిలోకి వస్తుంది. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములు 48 గంటలు నీడలోనే ఉంటాయి. మండువాలో పడ్డ వాన నీరు జాలీ దాటి చెరువులోకి పోతుంది.

ఇంక నాన్న కోసం ఒక్క గదికి శ్లాబు. మామూలు రోజుల్లో విత్తనాల గది, తుపాను రాత్రి అందరం అందులోనే. నేను 10 అడుగులు గీశాను. ముగ్గు పోసిన రోజు నాన్నే తాడు పట్టుకుని 12 చేశాడు. అదే ఆయన ఒప్పుకోలు అనుకున్నాను.

మీ ఊళ్లో చుట్టిల్లు ఇంకా ఉంటే, పడగొట్టేలోపు ఒకసారి కొలతలు తీసి పెట్టుకోండి.