బస్సు స్టీరియోకి ఒక సీడీ

"ఈ రోజుల్లో సీడీలు ఎవరు రాస్తున్నారండీ?" అని మీరు అడిగే లోపే చెప్పేస్తాను. నేను రాశాను, పోయిన వేసవిలో. అదీ మూడుసార్లు.

షార్జాలో ఎమిరేట్స్ రోడ్డు దగ్గర సజ్జా అని ఒక పారిశ్రామికవాడ ఉంది. 1980లో గ్యాస్ బయటపడింది అక్కడే. ఇప్పుడు ఎటు చూసినా గోడౌన్లు, వర్క్‌షాపులు, లేబర్ క్యాంపులు. ఒక గోడౌన్‌లో సాఫ్ట్‌వేర్ పని మీద నెల రోజులు వాళ్ళ స్టాఫ్ బస్సులోనే తిరిగాను. నడిపేది జగిత్యాల వైపు అన్న, యాభై దాటిన మనిషి. నేను తెలుగువాణ్ణని తెలిసిన మూడో రోజు ఒక సీడీ చేతిలో పెట్టి, "సార్, మస్తు దినాలసంది నడుస్తుండె. ఇప్పుడు నడుమల ఆగుతుంది. గండ్ల మా అవ్వ గొంతు ఉన్నది. జర చూస్తరా?" అన్నాడు.

సంగతేమిటంటే, 1990లలో వాళ్ళమ్మ ఉత్తరం రాయలేక తన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరి నుంచి వచ్చే మనిషి చేత పంపిందట. తర్వాతెప్పుడో సెలవుకి వెళ్ళినప్పుడు షాపులో దాన్ని ఎంపీ3 చేయించి, పాటలతో కలిపి సీడీ రాయించుకున్నాడు. క్యాసెట్ పోయింది. సీడీ ఏళ్ళ తరబడి డ్యాష్‌బోర్డు మీద, ఎండలో.

మనం రాసుకునే సీడీలో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. లేజర్ వేడితో ఆ రంగును మార్చి రాస్తుంది. అలాంటప్పుడు సజ్జా ఎండ ఊరుకుంటుందా? తన వంతు తానూ రాస్తుంది! పాత కార్ల వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కారులో ఉండే డిస్కు వినడానికే, దాచుకోవడానికి కాదు.

ముందు సులువైన పని చూద్దామని పాటలకు కొత్త సీడీ మొదలుపెట్టాను. ఆ స్టీరియోకి యూఎస్‌బీ లేదు, ఆక్స్ లేదు. పోనీ ఫోన్ వాడమందామా అంటే, నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 800 దిర్హాములు, నాలుగు బ్లాక్ పాయింట్లు. డ్రైవర్‌కి అది ఉద్యోగం సంగతి. సీడీయే గతి.

మామూలు ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలే. సెకనుకి 1,411 కిలోబిట్లు తింటుంది మరి. అదే 128 కిలోబిట్ల ఎంపీ3లైతే 700 ఎంబీలో పన్నెండు గంటలు దాటి పడతాయి. ఇక అన్న అడిగినవేమో ఘంటసాల కాలం పాటలు, దాదాపు అన్నీ మోనో. మోనో పాటని స్టీరియోగా దాచడం ఒకే ఉత్తరాన్ని రెండు కవర్లలో పెట్టడమే. అతని దగ్గరున్న అసలు ఆడియో సీడీల నుంచి 64 కిలోబిట్ల మోనోలో చేస్తే, రెట్టింపు పట్టాయి. బస్సు రొదలో తేడా నాకైతే వినపడలేదు. (ఉన్న ఎంపీ3నే మళ్ళీ కుదించకండి, ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది.) వేరియబుల్ బిట్‌రేట్ జోలికి పోలేదు, పాత ప్లేయర్లు కొన్ని దానితో తికమకపడతాయి.

మొదటి సీడీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పాడింది. బస్సులో పెడితే "ఎర్రర్". కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసినవాడి పరువు ఆ బస్సులో పోయింది లెండి. విండోస్ అడిగినప్పుడు "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా" అన్న దాన్ని నొక్కాను. అది యూడీఎఫ్ పద్ధతిలో రాస్తుంది, ఈ స్టీరియోకి తెలిసిందేమో 1988 నాటి ఐఎస్ఓ 9660. ఇమ్జ్‌బర్న్‌లో ఐఎస్ఓ 9660, జోలియెట్ ఎంచుకుని, డిస్కుని ఫైనలైజ్ చేస్తే రెండోది పలికింది.

పలికింది గానీ, నేను ముచ్చటపడి తెలుగులో పెట్టిన ఫైలు పేర్లన్నీ తెర మీద డబ్బాలు. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, ముందు 001, 002 అని అంకెలు తగిలించాను. ఐఎస్ఓ పద్ధతిలో ఫైళ్ళు పేర్ల వరుసలోనే ఉంటాయి కాబట్టి పాటలూ ఆ వరుసలోనే వస్తాయి. (యూఎస్‌బీ ఉన్నవాళ్ళు జాగ్రత్త, చాలా స్టీరియోలు మీరు ఏ వరుసలో కాపీ చేస్తే ఆ వరుసలో పాడతాయి.)

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎంపీ3గెయిన్. ఒక పాట గుసగుస, తర్వాతిది గావుకేక అయితే డ్రైవర్ చెయ్యి స్టీరింగ్ వదిలి వాల్యూమ్ దగ్గరికి పోతుంది. వెనక ముప్ఫైమంది కూర్చున్న బస్సులో అది చిన్న విషయం కాదు. ఈ ప్రోగ్రామ్ పాటని మళ్ళీ కుదించకుండా, లోపలున్న గెయిన్ అంకెని మాత్రం ఒకటిన్నర డెసిబెళ్ళ మెట్లలో మార్చి అన్నిటినీ ఒక స్థాయికి తెస్తుంది. మూడో సీడీ అలా తయారైంది. నిదానంగా 16 స్పీడులో రాశాను.

ఇక అమ్మ గొంతు. రెండు ఫైళ్ళు, క్యాసెట్‌కి అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి. మొదటిది పూర్తిగా వచ్చింది. రెండోది పదకొండో నిమిషం దగ్గర కాపీ ఆగిపోయింది. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ చదవగలిగినదంతా ముందు లాగేసి, చెడిన చోట్లకి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి 17 సెక్టార్లు తప్ప అన్నీ వచ్చాయి. ఒక సెక్టారులో 2,048 బైట్లు, అంటే 128 కిలోబిట్ల దగ్గర సెకనులో ఎనిమిదో వంతు. ఎంపీ3ని చిన్న చిన్న ఫ్రేములుగా కడతారు కాబట్టి ఒకటి చెడినా ప్లేయర్ కాస్త తడబడి ముందుకి పోతుంది. మొత్తం మీద పోయింది రెండు సెకన్ల పైచిలుకు.

మర్నాడు సాయంత్రం క్యాంపు దగ్గర బస్సు ఆపి, నా ఫోన్‌లో విన్నాడు. తడబాటు వచ్చిన చోట వేలెత్తి, "గీడ బర్రె పేరు చెప్తది సార్, నాకు యాదికున్నది" అన్నాడు. పాటల సీడీలో ఇది కూడా కలిపేదా అని అడిగాను.

"వద్దు సార్. బండి నడుపుకుంట ఇనేది కాదు. ఫోన్ల ఎక్కియ్యిండ్రి, మా బిడ్డకు కూడా పంపుండ్రి."

రెండు చోట్లకీ పంపాను. పెన్‌డ్రైవ్‌లో మూడో కాపీ ఇచ్చి, డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దన్నాను. పాటల సీడీని అతను అప్పటికే సీటు కింద గుడ్డ సంచిలో పెట్టేశాడు.