దొరకు దొరసాని... మరి సర్పంచ్‌కు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో ఏ ఊరి ఓటర్ల జాబితా అయినా తిరగేయండి. ఐలయ్య ఉంటే ఐలమ్మ ఉంటుంది. కొమురయ్యకు కొమురమ్మ, వీరయ్యకు వీరమ్మ, సోమయ్యకు సోమమ్మ. ఐలోని మల్లన్న, కొమురెల్లి మల్లన్న, కురవి వీరన్న, పాలకుర్తి సోమన్న... మొక్కుకున్న దేవుడు ఒక్కడే. కొడుకు పుడితే ‘అయ్య’, కూతురు పుడితే ‘అమ్మ’. అంతే తేడా!

గమనించారా? ఇక్కడ మగపేరుకు తోక తగిలిస్తే ఆడపేరు రాలేదు. అయ్య అంటే తండ్రి, అమ్మ అంటే తల్లి. ఇద్దరిదీ సమాన హోదా. అన్ని భాషల్లోనూ అలా లేదు. ఇంగ్లిషులో జార్జ్‌కు తోక పెడితే జార్జినా, ప్రిన్స్‌కు పెడితే ప్రిన్సెస్. అరబిక్‌లోనూ అంతే. మహబూబాబాద్ పేరులో ఉన్న ‘మహబూబ్’కు చివర చిన్న దీర్ఘమిస్తే మహబూబా. తుర్కుల బేగ్ నుంచి బేగం, ఖాన్ నుంచి ఖానం పుట్టాయి.

పేర్ల వరకూ ఇబ్బంది లేదు. చిక్కంతా పదవుల దగ్గరే!

భార్యా... అధికారిణా?

సంస్కృతంలో ఇంద్రుడి భార్య ఇంద్రాణి, రుద్రుడి భార్య రుద్రాణి. ‘ఆని’ చేరితే ‘ఫలానా వారి భార్య’ అని అర్థం. మరి ఆమే స్వయంగా ఆ పని చేస్తుంటే? ఆ సందేహం పాత వ్యాకరణకర్తలకూ వచ్చింది. అందుకే ఆచార్యుడి భార్యను ‘ఆచార్యాని’ అన్నారు. తానే పాఠం చెప్పే స్త్రీని ‘ఆచార్యా’ అన్నారు. రెండు మాటలు, రెండు హోదాలు. ఇంత తెలివైన ఏర్పాటు సింహాసనం దగ్గర మాత్రం కనిపించదు. రాజ్యమేలినా రాణే, రాజును పెళ్లాడినా రాణే!

మన కాకతీయుల ఇంట్లోనే చూద్దాం. గణపతిదేవుడి పేరు మీద వెలిసిందంటారు భూపాలపల్లి జిల్లాలోని గణపురం. ఆయన తల్లి బయ్యాంబ పేరు మీద వచ్చిందంటారు మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం. అక్కడి చెరువు శాసనం వేయించింది గణపతిదేవుడి సోదరి మైలాంబ. కాకతీయుల వంశవృక్షం తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఆధారపడేది ఆ ఆడబిడ్డ శాసనం మీదే. బయ్యాంబ, మైలాంబ... ‘అంబ’ అన్నా అమ్మే.

కానీ గణపతిదేవుడి కూతురు గద్దెనెక్కే వేళకు ‘అంబ’ సరిపోలేదు. కొడుకులు లేని ఆ తండ్రి 1262 ప్రాంతంలో పాలన అప్పగించింది రుద్రమకే. శాసనాల్లో మాత్రం ఆమె ‘రుద్రదేవ మహారాజు’. పాలించింది ఆడబిడ్డ, పేరు మగవాడిది!

ఆమె ఒక్కతే కాదు. 1236లో ఢిల్లీ గద్దెనెక్కిన రజియా తన నాణేల మీద వేయించుకున్న బిరుదు ‘సుల్తాన్’. 1384లో పోలండ్‌లో యాద్విగా అనే బాలికకు పట్టం కట్టినప్పుడు ఇచ్చిన బిరుదు ‘రెక్స్’, అంటే రాజు. రాణి అంటే రాజుగారి భార్య అనుకుంటారని భయం. అధికారం తనదేనని చెప్పాలంటే ఆడమాట వదులుకోవాల్సి వచ్చింది.

సాని... ఎక్కడి నుంచి ఎక్కడికి!

మనకో అచ్చమైన గౌరవపదం ఉండేది. అదే ‘సాని’. స్వామిని అన్న మాటే అలా మారింది. కాకతీయుల సామంతుడు రేచర్ల బేతిరెడ్డి భార్య పేరు ఎరకసాని. పిల్లలమర్రిలోని ఎరకేశ్వరాలయం ఆమె పేరు మీద వెలిసిందే. కాలక్రమంలో ఆ మాట వేశ్య అన్న అర్థంలోకి జారిపోయింది. స్వామికి మాత్రం ఏ మచ్చా లేదు. ఇంగ్లిషులో మాస్టర్ మాస్టర్‌గానే మిగిలాడు, మిస్ట్రెస్‌కు మరో అర్థం అంటుకుంది. అదే కథ! పాత మర్యాద ఇంకా మంత్రసానిలో ఉంది, దొరసానిలో ఉంది.

దొరసాని అంటే దొర భార్యే కానక్కర్లేదు. జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ కడవెండి గడీ నుంచి పెత్తనం చేసింది. ఆ పేరు చెబితే ఊళ్లు వణికేవి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగింది ఆ కడవెండిలోనే. ఆ పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వలేదు. ఆమెకు ఏ బిరుదూ లేదు. ఉన్నదల్లా ఊరి దేవుడి పేరు, దాని చివర ‘అమ్మ’.

ఇప్పుడెలా పిలుద్దాం?

2007లో ప్రతిభా పాటిల్ రాష్ట్రపతి అయినప్పుడు దేశమంతా ఓ చర్చ. ‘పతి’ అంటే ప్రభువు, భర్త కూడా. స్త్రీలింగం చేస్తే ‘పత్ని’, అంటే భార్య. 2022లో ద్రౌపది ముర్ము రాష్ట్రపతి అయిన కొద్ది రోజులకే ఓ ఎంపీ నోట ఆ మాట వచ్చింది. పార్లమెంటు అట్టుడికింది. చివరికి పదవి పేరు పదవిదే, ఆడా మగా తేడా లేదన్నదే నిలిచింది.

ఢిల్లీలో తేలిన ముచ్చట మన ఊళ్లో తేలిందా? పంచాయతీల్లో సగం పదవులు మహిళలకు రిజర్వయ్యాయి. అయినా చాలాచోట్ల ‘సర్పంచ్ సాబ్’ అని పిలిస్తే పలికేది ఆమె భర్తే! ‘సర్పంచమ్మ’ అంటే గెలిచిన మనిషా, గెలిచినాయన ఇల్లాలా అని ఆగి అడగాల్సిందే. ఆచార్యా, ఆచార్యాని అంటూ వ్యాకరణం ఏనాడో విడదీసిన ఆ తేడా మన గ్రామసభకు ఇంకా చేరలేదు.

2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. గడీల దొరసానులు కథల్లోకి వెళ్లిపోయారు. ఏ పదవీ లేని ఐలమ్మ పేరు మాత్రం డిగ్రీ పట్టాల మీదికెక్కింది. ఈసారి ఊళ్లో సర్పంచ్ కుర్చీలో ఆడబిడ్డ ఉంటే, ‘సర్పంచ్ గారూ’ అని నేరుగా ఆమెనే పిలుద్దాం. రుద్రమలా మగపేరు పెట్టుకోవాల్సిన అవసరం ఆమెకు లేదు కదా!